పిల్లి ఉన్న ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టడం ఎలా?

నవంబరు చివరి వారం వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది. "మా ఇంట్లో పిల్లి ఉందండీ, ఈసారి చెట్టు పెట్టమంటారా, వద్దంటారా?" అడిగేవాళ్లలో సగం మంది కిందటేడు చెట్టు కూలిపోయినవాళ్లు, మిగతా సగం ఈ ఏడే పిల్లిని తెచ్చుకున్నవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి గొంతు నొప్పి పుడుతోంది, అందుకని ఒకేచోట రాసేస్తున్నాను.

పెట్టండి. కాకపోతే పిల్లికి బుద్ధి చెప్పి చెట్టు జోలికి రాకుండా చేద్దామన్న ఆశ మాత్రం వదిలేయండి. మన అమ్మమ్మలు పిల్లికి పాఠాలు చెప్పలేదు, పాలకుండ తీసుకెళ్లి ఉట్టి మీద పెట్టారు. మనం చేయాల్సిందీ అదే.

ఇంకొక్క మాట ముందే చెప్పాలి. అందరూ భయపడేది చెట్టు పడిపోతుందని. పశువైద్యులు భయపడేది దారానికి. చెట్టు పడితే నాలుగు బంతులు పగులుతాయి, ఊడ్చుకుంటాం. పిల్లి మెరుపు దండ మింగితే ఆపరేషన్ దాకా పోతుంది. మా ఇంట్లో పులిహోర అని ఒక పిల్లి ఉంది, రంగును బట్టి పెట్టిన పేరు. మూడేళ్ల కిందట అది జానెడు రిబ్బన్ మింగింది. రెండు రోజులు అజీర్తి అనుకుని పెరుగన్నం పెడుతూ కూర్చున్నాం. మూడో రోజు పొట్ట కోసి తీయాల్సి వచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, ఇక్కడ చెలగాటమూ పిల్లిదే, ప్రాణసంకటమూ పిల్లిదే. అందుకే కింద రాసిన వాటిలో ఏది వదిలేసినా అయిదో మెట్టు మాత్రం వదలొద్దు.

కావలసినవి

- చెట్టు. ప్లాస్టిక్‌దైనా, సరుగుడు కొమ్మైనా, నర్సరీ నుంచి తెచ్చిన కుండీ మొక్కైనా సరే. మొదటి ఏడాది మూడు నాలుగు అడుగులు దాటనివ్వకండి.
- బరువైన బకెట్ లేదా సిమెంటు కుండీ, నాలుగు ఇటుకలు, కొంచెం ఇసుక
- బకెట్ మూతి కప్పడానికి ప్లైవుడ్ ముక్క, లేదా పిడికిలంత గులకరాళ్లు
- గట్టి నైలాన్ తాడు, నాలుగైదు మీటర్లు
- యూఎస్‌బీ అడాప్టరుతో గానీ బ్యాటరీతో గానీ వెలిగే ఎల్‌ఈడీ లైట్లు
- వైరు దూర్చడానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఫ్లెక్సిబుల్ పీవీసీ పైపు, ఇన్సులేషన్ టేపు
- గుడ్డ, చెక్క, అట్ట, తాటాకుతో చేసిన అలంకరణలు
- ఖాళీ అట్టపెట్టె ఒకటి. ఇది పిల్లికి.

1. చోటు చూసుకోండి

పెద్ద పిల్లి నేల మీద నుంచి అయిదడుగులు అవలీలగా ఎగురుతుంది. సోఫా చేయి మీద నుంచో, టీవీ బల్ల మీద నుంచో అయితే అడ్డంగా కూడా దూకుతుంది. చెట్టు చుట్టూ అన్నివైపులా నాలుగైదు అడుగుల మేర సోఫా, బల్ల, ఫ్రిజ్, కిటికీ గట్టు లేకుండా చూసుకోండి. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో అంత జాగా ఎక్కడిదంటారా? అయితే చెట్టును మూలకు జరపండి. మూలన పెడితే రెండు గోడలు కాపలా కాస్తాయి, మీరు రెండు వైపులే చూసుకుంటే చాలు.

రాత్రి తలుపు వేసుకునే గది ఏదైనా ఉంటే అదే అన్నిటికంటే మంచి చోటు. పిల్లులు తెల్లవారుజామునా, మునిమాపు వేళా ఎక్కువ హుషారుగా ఉంటాయి. మీరు నిద్రలో ఉన్న నాలుగింటికి అది చెట్టుతో ఒంటరిగా ఉండకపోతే సగం సమస్య తీరినట్టే.

2. నిలబెట్టండి, కట్టండి

ప్లాస్టిక్ చెట్లతో పాటు వచ్చే మూడు కాళ్ల స్టాండును నమ్మకండి. నాలుగు కిలోల పిల్లి కొమ్మ చివర వేలాడితే అది పల్టీ కొడుతుంది. స్టాండును రెండడుగుల ప్లైవుడ్ చెక్కకు స్క్రూలతో బిగించి, పైన ఇటుకలు పెట్టండి. ఇటుకలకు గుడ్డ చుట్టేస్తే చూడ్డానికీ బాగుంటుంది.

కోస్తా ఊళ్లలో చాలామంది సరుగుడు కొమ్మ కొట్టుకొచ్చి ఇసుక బకెట్‌లో పాతుతారు. ఇసుక తడిపి గట్టిగా దిమ్మిస్తే బాగానే నిలుస్తుంది. కానీ బకెట్ నిండా ఇసుక ఉందంటే పిల్లి లెక్కలో అది మరుగుదొడ్డి. మీరు వద్దన్నా వాడుకుంటుంది. ఇసుక కనపడకుండా ప్లైవుడ్ ముక్కకు మధ్యలో కన్నం పెట్టి మూసేయండి, లేదా పెద్ద గులకరాళ్లు దట్టంగా పరచండి. కడియం నర్సరీల నుంచి వచ్చే అరౌకేరియా మొక్కనే చెట్టుగా వాడేవాళ్లూ కుండీలో మట్టిని ఇలాగే కప్పాలి. ఆ మొక్క ఆకుల్ని పిల్లి నమిలితే కడుపు తేడా చేయవచ్చు, అందుకే కింది కొమ్మలు అందకుండా కుండీని కాస్త ఎత్తు మీద పెట్టండి.

ఇక తాడు. చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర కాండానికి తాడు కట్టి, రెండు కొసల్నీ రెండు వేర్వేరు వైపులకు లాగి కట్టండి. ఒక కొస కిటికీ ఊచలకు, రెండోది గోడలో దిగిన మేకుకో హుక్కుకో. ఒకే తాడు కడితే చెట్టు ఒక పక్కకు పడకుండా ఆగుతుంది గానీ రెండో పక్కకు పడుతుంది. కర్టెన్ రాడ్డుకు కట్టకండి, రాడ్డుతో సహా ఊడి వస్తుంది. తిరిగే ఫ్యానుకు కట్టకూడదని వేరే చెప్పాలా? ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగారు కాబట్టి రాస్తున్నాను: కట్టకూడదు.

తాడు బిర్రుగా ఉండాలి. వదులుగా వేలాడే తాడు పిల్లికి ఇంకో బొమ్మ.

ఇదంతా తలనొప్పి అనుకుంటే ఉట్టి పద్ధతి ఉంది. స్లాబులో ఉయ్యాల హుక్కు ఉంటే రెండడుగుల చిన్న చెట్టును దానికి వేలాడదీయండి, అడుగు భాగం నేలకు ఆరడుగుల పైన ఉండేలా, కింద ఎక్కే వస్తువేదీ లేకుండా. పిల్లి శాపాలకు ఉట్లు తెగిపడవు కదా! గోడ మీద రంగు కాగితంతోనో పలచటి కర్రలతోనో చెట్టు ఆకారం అతికించినా పండగ పండగే. మా పెద్దమ్మ ఇంట్లో ఎప్పుడూ చెట్టే లేదు, వరండాలో వెదురు బద్దల నక్షత్రం వెలిగేది, అంతే.

3. మూడు రోజులు ఉత్త చెట్టే

నిలబెట్టిన రోజే అలంకరించకండి. రెండు మూడు రోజులు ఉత్త చెట్టునే వదిలేయండి. పిల్లి వచ్చి వాసన చూస్తుంది, బుగ్గలు రుద్దుతుంది, ఒకటి రెండుసార్లు ఎక్కబోతుంది. ఎక్కనివ్వండి. మీరు కట్టిన తాడు ఎంత గట్టిదో అప్పుడే తెలుస్తుంది, పగలడానికి ఏమీ ఉండదు కూడా. మూడో రోజుకి చాలా పిల్లులకు మోజు తీరిపోతుంది.

ఏడాది లోపు పిల్లయితే మాత్రం తీరదు. ఆ వయసు పిల్లి ఉన్నవాళ్లు ఈ ఏటికి నేల మీద చెట్టు మానేసి ఉట్టి పద్ధతిలోనో గోడ పద్ధతిలోనో కానివ్వడం మంచిది.

4. కరెంటు

బజారులో చవగ్గా దొరికే సీరియల్ లైట్లు చాలావరకు నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి. వాటి వైరు తొడుగు ఎంత పల్చనంటే పిల్లి కోరపన్ను ఒక్క కొరుకుతో లోపలికి దిగుతుంది. ఆ సెట్లు పిల్లి ఉన్న ఇంటికి వద్దు. ఫోన్ ఛార్జరు లాంటి అడాప్టరుకు తగిలించే 5 వోల్టుల ఎల్‌ఈడీ తీగలు తెచ్చుకోండి. వాటిని కొరికితే లైట్లు ఆరిపోతాయి, పిల్లికి ఏమీ కాదు. ఊడిన ముక్క మింగకుండా చూసుకుంటే చాలు.

పాత సెట్టే వాడక తప్పదంటే ఇలా చేయండి: సాకెట్ నుంచి చెట్టు దాకా వైరంతా పీవీసీ పైపులో దూర్చండి. చెట్టులో వైరును కాండం వెంబడి లోపలగా చుట్టండి, కొమ్మల చివర్లకు లాగకండి. కింది అడుగున్నరలో లైట్లే వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పడుకోకూడదు, గోడకు తగిలించండి. మీరు గదిలో లేనప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేయండి.

మీటరు బోర్డులో ఎమ్‌సీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుందిలే అనుకుంటారు. ఎమ్‌సీబీ లోడు ఎక్కువైతేనో షార్టయితేనో పడుతుంది, షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. మీ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. పిల్లి లేకపోయినా, పిల్లలున్న ఇంటికి అది ఉండాల్సిందే.

బ్యాటరీ లైట్లు, మిణుకు మిణుకుమనే ప్లాస్టిక్ కొవ్వొత్తులు కొంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. బిళ్లలాంటి బ్యాటరీలు మింగితే కొద్ది గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. నిజం కొవ్వొత్తులు చెట్టు ఉన్న గదిలో అసలు వద్దు. పిల్లి తోక ఎటు ఊగుతుందో దానికే తెలియదు.

5. అలంకరణ: దారాన్ని దగ్గరకు రానివ్వకండి

పిల్లి నాలుకను ఎప్పుడైనా తాకి చూశారా? ఆకురాయిలా గరుగ్గా ఉంటుంది. ఆ ముళ్లన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. దారం ఒకసారి నాలుక మీదకు ఎక్కిందంటే పిల్లికి ఉమ్మేయడం కష్టం, లోపలికే జారుతుంది. ఒక కొస నాలుక మొదట్లోనో జీర్ణాశయం చివరనో చిక్కుకుంటుంది, మిగతాది పేగులోకి సాగుతుంది. పేగు దాన్ని ముందుకు తోయాలని చూస్తూ, లంగా నాడా లాగితే గుడ్డ కుచ్చులు పడ్డట్టు ముడుచుకుపోతుంది. ఆపైన దారం పేగును కోయడం మొదలుపెడుతుంది. ఇందుకే నా గొడవంతా.

కాబట్టి ఈ ఇంట్లో వద్దనేవి: మెరుపు దండలు, జరీ పోగులు, గిఫ్టులకు కట్టే చుట్టలు తిరిగిన రిబ్బన్లు, నైలాన్ దారంతో వేలాడే బంతులు, బెలూన్లకు కట్టిన దారాలు, చెట్టు మీద మంచులా పరిచే దూది, థర్మోకోల్ పూసలు. మెరుపు దండ లేకుండా చెట్టు బోసిగా ఉంటుందంటారు. మొదటి ఏడాది నాకూ అలాగే అనిపించింది. అలవాటైపోతుంది.

వాటికి బదులు:

- కింది మూడో వంతు ఖాళీగా వదిలేయండి, లేదా ఫెల్టు గుడ్డతో కుట్టిన నక్షత్రాలు, అట్ట బొమ్మలు పెట్టండి. పిల్లి పీకినా నష్టం లేనివే అక్కడ ఉండాలి.
- మధ్య భాగంలో చెక్కవి. ఏటికొప్పాక లక్క బొమ్మలు దీనికి చక్కగా పనికొస్తాయి, కింద పడినా సాధారణంగా పగలవు. పిల్లి నోట్లో పట్టనంత సైజువే ఏరుకోండి. కొండపల్లి బొమ్మలు తేలిక పొనికి చెక్కవి, చేతులు కాళ్లు ఊడతాయి, అవి పైకి.
- గాజు బంతులు, మీ నాయనమ్మ నాటివి, నరసాపురం లేసు నక్షత్రాలు అన్నీ పై మూడో వంతులో. లేసు అంటే దారమే కదా, గోరు తగులుకుంటే అల్లిక మొత్తం ఊడి వస్తుంది.

తగిలించే పద్ధతి కూడా మార్చాలి. ఎస్ ఆకారంలో ఉండే ఇనప కొక్కేలు వద్దు, ఊడితే నోట్లోనో పాదంలోనో గుచ్చుకుంటాయి. పచ్చరంగు గార్డెన్ వైరుతో కొమ్మకు రెండు చుట్లు చుట్టి, కొసను లోపలికి మడిచేయండి. కేబుల్ టై వాడితే మిగిలిన తోకను మొదట్లోకి కత్తిరించి, ఆ ముక్కను అప్పుడే చెత్తబుట్టలో వేయండి. ఏ బొమ్మా ఊగకూడదు. ఊగేదాన్ని చూస్తే పిల్లి చేయి ఊరుకోదు.

కింద కొమ్మకు గంటలు కట్టమని కొందరు సలహా ఇస్తారు, పిల్లి ఎక్కితే మోగుతాయని. పెద్ద పిల్లి అయితే సరే. పిల్లకూన అయితే ఆ గంట విని ఇంకా రెచ్చిపోతుంది.

గిఫ్టులు చెట్టు కింద పెట్టేది పండగ పొద్దున్నే. అంతకుముందు వారం రోజులు రిబ్బన్లతో సహా అక్కడ ఉంచకండి.

6. పశువుల పాక

ఇది ఎవరూ అడగరు, జరిగాక ఫోన్ చేస్తారు. వరిగడ్డి, ఇసుక, రంపపుపొట్టు, చుట్టూ గోడలు, పైన కప్పు: మీరు కట్టింది బెత్లెహేము పాక, పిల్లి చూసింది అన్ని వసతులూ ఉన్న పడకగది. గొర్రెల కాపరులు పక్కకు దొర్లిపోయి, తొట్టి ఉన్నచోట మా పులిహోర చుట్టచుట్టుకుని పడుకున్న ఫొటో మా బంధువులందరి ఫోన్లలోనూ ఉంది. ఇసుక బాగా పోస్తే పడుకోవడంతో ఆగదు కూడా.

ఇసుక బదులు గరుకు కాగితం అతికించండి. గడ్డి చల్లకుండా జిగురుతో అంటించండి. మట్టి బొమ్మల అడుగున రెండు వైపులా అంటుకునే టేపు వేయండి. పాకను గోడ అలమరలో పెట్టి అద్దం తలుపు వేసేయగలిగితే ఇక బాధే లేదు. పాక లోపల లైటు పెట్టేవాళ్లు గడ్డికి ఆనకుండా చూసుకోండి, వేడెక్కే పాత రకం బల్బు అసలే వద్దు.

7. పూలు, కేకు, బిర్యానీ

పండక్కి వచ్చేవాళ్లు తెచ్చే బొకేల్లో లిల్లీలు ఉంటే గుమ్మం దగ్గరే తీసి పక్కింటికి ఇచ్చేయండి. నేను చెప్పేది బాకా ఆకారంలో పెద్ద పెద్ద రేకులుండే లిల్లీల గురించి. ఆకు, రేకు, పుప్పొడి, చివరికి వాజులో నీళ్లు, ఏది కడుపులోకి పోయినా పిల్లి కిడ్నీలు ఒకటి రెండు రోజుల్లో పాడవుతాయి. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా చాలు. వేదికల అలంకరణకు వాడే సైకస్ ఆకులు, మొక్కలు కూడా పిల్లికి విషమే, కాలేయం దెబ్బతింటుంది. క్రిస్మస్ మొక్క అని అమ్మే ఎర్రాకుల పాయిన్‌సెట్టియాకు మాత్రం ఉన్నదానికంటే చెడ్డపేరు ఎక్కువ. దాని పాలు నోటికి తగిలితే చొంగ, ఒక వాంతి, అంతకుమించి సాధారణంగా ఏమీ ఉండదు.

పిల్లి నాలుకకు తీపి తెలియదు. అయినా వెన్న వాసనకు కేకు నాకుతుంది. చాక్లెట్, ఎండుద్రాక్ష ఉన్నవి మూత పెట్టండి. బిర్యానీ ముక్క ప్రేమగా పెట్టకండి, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, ఉడికిన ఎముక గొంతులో దిగబడుతుంది.

8. పిల్లికి దాని పని

చెట్టు వైపుకే పోతోందంటే దానికి వేరే పని లేదని అర్థం. సాయంత్రం లైట్లు వేసే ముందు పదిహేను నిమిషాలు కర్రకు ఈకలు కట్టిన బొమ్మతో ఆడించి, వెంటనే తిండి పెట్టండి. ఆడి, తిని, ఒళ్లు నాక్కుని పడుకుంటుంది. ఆడించడం అయ్యాక ఆ కర్ర బీరువాలో పెట్టాలి, దానికీ దారం ఉంటుంది కాబట్టి. చెట్టుకు దూరంగా కిటికీ దగ్గర ఎత్తు స్టూలు వేసి, దాని మీద ఇందాక చెప్పిన అట్టపెట్టె పెట్టండి. చెట్టు కంటే ఎత్తైన చోటు ఇంకోటి ఉంటే చాలా పిల్లులు అదే ఎంచుకుంటాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటిది వాసనలతో తరమాలనుకోవడం. చెట్టు చుట్టూ కర్పూరం పెట్టేవాళ్లు, నీలగిరి తైలం చల్లేవాళ్లు, కలరా ఉండలు వేసేవాళ్లు, నొప్పి బామ్ రాసేవాళ్లు, అందరూ నాకు తెలుసు. ఇవన్నీ పిల్లికి హాని చేస్తాయి. పిల్లి కాలేయం ఇలాంటి పదార్థాల్ని మన కాలేయంలా విరిచేయలేదు. కారప్పొడి చల్లితే పాదాలకు అంటి, నాలుకకూ కంటికీ చేరుతుంది. వాసనే కావాలంటే నారింజ, బత్తాయి తొక్కలు చెట్టు మొదట్లో వేయండి, రోజూ మార్చండి. చాలా పిల్లులకు ఆ వాసన గిట్టదు. తొక్కలు చాలు, నారింజ నూనె వద్దు. చెట్టు మొదలు చుట్టూ అల్యూమినియం ఫాయిల్ పరిస్తే ఆ చప్పుడుకు కొన్ని వెనక్కి తగ్గుతాయి. మా పులిహోర దాని మీద పడుకుంటుంది, అది వేరే సంగతి.

రెండోది ఫినాయిల్. పిల్లి చెట్టు మొదట్లో ఉచ్చ పోస్తే ఫినాయిల్ పెట్టి తుడుస్తారు. అందులో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు పిల్లి పాదాల నుంచి నాలుకకు పోతాయి. గుడ్డతో అద్ది, నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే పిల్లికి ఆ వాసన ఉచ్చలాగే అనిపించి మళ్లీ అక్కడికే వస్తుంది.

నీళ్లు చిమ్మడం, చెప్పు విసరడం వల్ల పిల్లికి తెలిసేది ఒక్కటే, మీరుంటే ఎక్కకూడదని. మీరు నిద్రపోయాక ఎక్కుతుంది.

ఇంకోటి: అటక మీద నుంచి దించిన అలంకరణ పెట్టెలో కిందటేడు వేసిన కలరా ఉండలు ఉంటాయి. అవి ఏరి పారేసి, వస్తువుల్ని ఒక రోజంతా డాబా మీద గాలికి ఆరబెట్టాకే లోపలికి తీసుకురండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

- చెట్టు పైభాగాన్ని ఒక చేత్తో జానెడు దూరం నెట్టి వదలండి. నాలుగు వైపుల నుంచీ. ప్రతిసారీ తిరిగి నిటారుగా రావాలి, బకెట్ అడుగు నేల మీద నుంచి లేవకూడదు.
- అందే కొమ్మను పట్టుకుని నాలుగైదు కిలోల బియ్యం సంచి బరువు పడేంత కిందికి లాగండి. తాడు ముడి జారిందా?
- నేల మీద బోర్లా పడుకుని పిల్లి కంటి ఎత్తు నుంచి చూడండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. వేలాడే వైరు, రిబ్బన్ కొస, కింద పడ్డ కొక్కెం, నిలబడి చూస్తే కనపడనివన్నీ అప్పుడు కనపడతాయి.
- కింది వరసలో ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ రాత్రి పోల్చండి. ఒకటి తగ్గితే దొరికేదాకా వెతకాలి.
- లిట్టర్ ట్రే రోజూ చూడండి. మెరుపు ముక్కో దారమో కనిపించిందంటే ఇంట్లో మీకు తెలియని చోట ఇంకా ఉందన్నమాట.

ఏదైనా జరిగితే

పదే పదే వాంతులు, తిండి ముట్టకపోవడం, మంచం కింద దాక్కోవడం, విరేచనం కాకపోవడం: ఇందులో రెండు కలిసి కనిపిస్తే దారం అనుమానించండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి, అజీర్తిలే అని రెండు రోజులు చూడొద్దు. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే అదొక్కటే చాలు, డాక్టరు దగ్గరకు వెళ్లడానికి.

నోట్లో నుంచి గానీ వెనక నుంచి గానీ దారం కొస వేలాడుతుంటే లాగకండి. రెండో కొస పేగులో ఇరుక్కుని ఉంటే, లాగినప్పుడు పేగు తెగుతుంది. ఉన్నదున్నట్టుగా బుట్టలో పెట్టి తీసుకెళ్లండి.

వైరు కొరికి కొట్టుకుంటుంటే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే పిల్లిని ముట్టుకోండి. లేచి మామూలుగా తిరుగుతున్నా ఆ రోజే చూపించాలి. షాక్ తగిలిన కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు.

లిల్లీ నమిలిందంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి, ఆ గంటలోనే బయల్దేరండి, ఒక ఆకు సంచిలో వేసుకుని.

ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. నొప్పికి పారాసెటమాల్ వేయొద్దు, మనకు మామూలు మాత్ర అయినా పిల్లి ప్రాణం తీస్తుంది. పండగ రోజుల్లో క్లినిక్కులు మూసి ఉంటాయి. 24న సాయంత్రం, 25న ఎవరు అందుబాటులో ఉంటారో ముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

అమెరికాలోనూ మరో చోటా నిజం చెట్టు కొనేవాళ్లకు

పైవన్నీ మీకూ వర్తిస్తాయి, ఇంకో రెండు కలపండి. స్టాండులో పోసే నీళ్లు నాలుగు రోజులకే పాకుడు పట్టి, బాక్టీరియా చేరుతుంది. చెట్టు తాజాగా ఉండాలని కలిపే పొడులు అందులోనే ఉంటాయి. పిల్లికి అదో కొత్త నీళ్ల గిన్నె. పొడులు కలపకండి, స్టాండు మూతిని అట్టతోనో ఫాయిల్‌తోనో కాండం చుట్టూ సందు లేకుండా మూసేయండి. రాలిన సూదుల్లాంటి ఆకుల్ని రోజూ వాక్యూమ్ చేయండి, మింగితే కడుపులో గుచ్చుకుంటాయి. విషం అనుమానం వస్తే అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ వాళ్ల పాయిజన్ కంట్రోల్ ఫోన్ లైన్ రోజంతా పనిచేస్తుంది, ఫీజు ఉండవచ్చు.

తీసేటప్పుడు

చెట్టు పెట్టినరోజు ఉన్న జాగ్రత్త తీసేరోజు ఉండదు. అందరూ అలసిపోయి, ఒక్కో బొమ్మా పీకి నేల మీద పడేస్తారు. పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేశాకే మొదలుపెట్టండి. గార్డెన్ వైరు ముక్కలు, టేపు, గిఫ్టుల దారాలు అప్పటికప్పుడు మూత ఉన్న చెత్తడబ్బాలో వేయాలి, మూతలేని బుట్టలో వేస్తే పిల్లి పండగ అప్పుడు మొదలవుతుంది. అన్నీ సర్దాక నేల ఒకసారి తడిగుడ్డతో తుడిస్తే చీపురుకు దొరకని గాజు నలుసులు వస్తాయి. పెట్టెలో ఈసారి కలరా ఉండలకు బదులు ఎండు వేపాకు వేసి అటక ఎక్కించండి. స్టూలు మీద అట్టపెట్టెను మాత్రం తీయకండి, అందులో ఎవరో పడుకుని ఉంటారు.